గ్రాఫుల చాప్టర్ మినహాయించకండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెబుతాను, ఉద్యోగంలో చేరి మూడేళ్ళయింది. ఈ సెమిస్టర్ క్లాసులో 84 మంది ఉన్నారు. వాళ్ళలో ఒక అబ్బాయికి చూపు లేదు, లాప్‌టాప్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ పెట్టుకుని వింటాడు. ఒక అమ్మాయికి వినికిడి మిషన్ ఉంది, నాకు మాత్రం చెప్పి ఇంకెవరికీ తెలియనివ్వొద్దంది. ఇంకొకరు పరీక్షలో అదనపు సమయం కావాలని ఉత్తరం తెచ్చారు, చూస్తే ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనబడదు. సగం మంది దాకా స్కూల్లో వేరే భాషలో చదివి వచ్చినవాళ్ళు, క్లాసులో నోరే విప్పరు. ట్రైనింగులో ఏమో ఒక్కొక్కరి 'లెర్నింగ్ స్టైల్' కనిపెట్టి దానికి తగ్గట్టు చెప్పమన్నారు. మా సీనియర్ ఒకాయన "ఆ అబ్బాయికి గ్రాఫుల చాప్టర్ మినహాయించెయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. ఇంకొకరు "ఇలా ఒక్కొక్కరికీ ఒక్కోటి ఇస్తూ పోతే మిగతావాళ్ళకి అన్యాయం కాదా" అంటున్నారు. వారానికి 16 గంటల క్లాసులు నాకు. ఇంతమందికి ఇన్ని రకాల నోట్సు ఎప్పుడు తయారు చేయను? నిజంగా టెన్షన్‌గా ఉంది. — ఒక లెక్చరర్

జవాబు: ముందు ఆ గ్రాఫుల సంగతి తేల్చేద్దాం, మీ ఉత్తరం మొత్తంలో నాకు ఒళ్ళు మండింది అక్కడే. మినహాయించకండి. మీ సీనియర్ గారు చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు, పాపం ఆ కుర్రాణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకనే అని ఉంటారు. కానీ స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ పుచ్చుకుని బయటికెళ్ళాక ఎవరో "ఈ డేటా ఎటు వాలి ఉంది, దీనికి మూపురం ఒకటా రెండా" అని అడిగితే అతనేం చెప్పాలి? మా లెక్చరర్ జాలిపడి ఆ పాఠం వదిలేశారండీ అని చెప్పాలా?

అమెరికాలో అబ్రహాం నెమెత్ అని పుట్టుకతోనే చూపు లేని ఒకాయన ఉండేవాడు. లెక్కలంటే ప్రాణం. నీకు లెక్కలు కుదరవు, సైకాలజీ తీసుకో అని సలహా ఇచ్చారు. పాపం అదే తీసుకుని ఎం.ఎ. కూడా చేశాడు, తర్వాత ఉండబట్టలేక మళ్ళీ లెక్కల దగ్గరికే వచ్చాడు. బ్రెయిల్‌లో గణితం రాసుకోవడానికి తనకు సరిపోయే పద్ధతి లేకపోతే తనే ఒకటి తయారు చేసుకున్నాడు. 1952లో అచ్చయిన ఆ నెమెత్ కోడ్‌తోనే తర్వాత ఎందరో చూపు లేని పిల్లలు లెక్కలు నేర్చుకున్నారు. ఆయన డెట్రాయిట్ యూనివర్సిటీలో దాదాపు 30 ఏళ్ళు గణితం బోధించాడు. ఆయనకి సైకాలజీ సలహా ఇచ్చినవాళ్ళు కూడా మంచివాళ్ళే అయ్యుంటారు, మీ సీనియర్ గారి లాగే.

సరే, మరి గ్రాఫు చూపు లేనివాళ్ళకి ఎలా చెప్పడం? ముందు మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ చాప్టర్‌లో నేను నేర్పుతున్నదేంటి, కళ్ళతో గీత చూడటమా, లేక డేటా ఆకారం అర్థం చేసుకోవడమా? హిస్టోగ్రామ్ (ఏ విలువలు ఎన్నిసార్లు వచ్చాయో కడ్డీలతో చూపే పటం) అయితే ఎక్కడ గుంపుగా ఉంది, ఎటు తోక సాగింది, ఎక్కడ ఖాళీ ఉంది, ఒంటరిగా దూరంగా పడిపోయిన విలువలేంటి. ఇవన్నీ వేలితో తెలుస్తాయి, మాటతో తెలుస్తాయి, అంకెల పట్టీతో తెలుస్తాయి. ఒక అట్ట తీసుకుని అక్షాల చోట లావు దారం, వక్రరేఖ చోట సన్న దారం జిగురుతో అంటించండి, పది నిమిషాల పని. నేను మొదటిసారి అలా గంట ఆకారంలో ఉండే నార్మల్ కర్వ్ చేసి ఒక విద్యార్థి చేతికిస్తే, అతను వేలు జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగి "మేడమ్, ఇక్కడ వంపు తిరిగే తీరు మారింది" అన్నాడు. అది సగటు నుంచి సరిగ్గా ఒక స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) దూరం. కళ్ళున్న క్లాసులో అప్పటిదాకా ఒక్కరూ నాకా మాట చెప్పలేదు! తర్వాత ఆ అట్ట క్లాసంతా తిరిగింది, సెమిస్టర్ అయ్యేసరికి దారం ఊడిపోయింది. మీ యూనివర్సిటీలో ఉబ్బే కాగితం దొరికితే ఇంకా తేలిక. దాని మీద నల్లగా ప్రింటు తీసి వేడి చేస్తే నల్ల గీతలు పైకి లేస్తాయి.

ఇంకోటి. మీరు స్టాటిస్టిక్స్ వాళ్ళు కాబట్టి ఇది మీకు తప్పకుండా చెప్పాలి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది, ఎందుకంటే అందులో పని అంతా టైపు చేసే కమాండ్లతోనే, స్క్రీన్ రీడర్ వాటిని హాయిగా చదువుతుంది. అదే మౌసుతో బొమ్మలు నొక్కుకుంటూ పోయే సాఫ్ట్‌వేర్ అయితే అతనికి నరకం. న్యూజిలాండ్‌లో మాసీ యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ బోధించిన జోనథన్ గాడ్‌ఫ్రేకి చూపు లేదు. ఆర్‌లో గీసిన గ్రాఫుల్ని మాటల్లో వర్ణించి చెప్పేలా బ్రెయిల్ఆర్ అనే ప్యాకేజీ తయారు చేశారాయన. మీ విద్యార్థికి ఆ పేరు చెప్పి ఊరుకోండి, మిగతాది అతనే చూసుకుంటాడు. మీ సీనియర్ గారికి మాత్రం ఆ గాడ్‌ఫ్రే ఉద్యోగం ఏమిటో ఇంకోసారి వినిపించండి.

ఇప్పుడు నా తప్పొకటి చెప్తాను. చాలా ఏళ్ళ కిందట ఒక విద్యార్థి నా క్లాసు రికార్డు చేసుకుంటానంటే చేసుకోమన్నాను. రెండు వారాల తర్వాత నా గదికొచ్చి, "మేడమ్, ఒక నిమిషం వినండి" అని నా గొంతే నాకు వినిపించాడు. "దీన్ని ఇటు తెస్తే, అది అక్కడికి పోతుంది, అప్పుడు ఇదీ అదీ కొట్టేస్తే, చూశారుగా, ఇది వచ్చేసింది." అంతే, ముప్పై సెకన్ల పాటు ఇది, అది, ఇటు, అటు! బోర్డు మీద చేయి పెట్టి చూపిస్తున్నాననుకుంటూ మాట్లాడిన మాటలవి. అతను వెక్కిరించడానికి కాదు, నిజంగా అర్థం కాక వచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి "కుడివైపున్న సిగ్మా స్క్వేర్‌ని ఎడమవైపుకి తెస్తే" అని పూర్తిగా చెప్పడం అలవాటు చేసుకున్నాను. నెల రోజులు నాలుక మెలికపడింది, తర్వాత మామూలైపోయింది. లాభం ఎవరికనుకున్నారు? వెనక బెంచీలో బోర్డు సరిగా కనబడనివాళ్ళకి, తల వంచుకుని నోట్సు రాసుకునేవాళ్ళకి, ఆ రోజు జ్వరంతో రాక రికార్డింగు విన్నవాళ్ళకి.

ఒక్కొక్కరికీ ఒక్కో రకం నోట్సు అన్న మీ భయానికి నా జవాబు కూడా ఇదే. ఇన్ని రకాలు చేయకండి, ఒకటే సరిగ్గా చేయండి. మీ పీడీఎఫ్ తెరిచి మౌసుతో ఒక వాక్యం ఎంచుకోండి, లేదా ఒక పదం వెతకండి. రాలేదంటే అది అక్షరాలు కాదు, ఫోటో. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టినవన్నీ అంతే, అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కించేదాకా స్క్రీన్ రీడర్‌కి అక్కడ ఖాళీ కాగితమే. టైపు చేసేటప్పుడు శీర్షికలని ఊరికే బోల్డు చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ పెట్టండి. అలా పెడితే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు ఒక హెడింగు నుంచి ఇంకో హెడింగుకి గెంతుతూ పోగలరు, లేకపోతే 40 పేజీల ఫైలుని మొదటి అక్షరం నుంచి వినాల్సిందే. సమీకరణాలని స్క్రీన్‌షాట్లుగా అతికించొద్దు, ఈక్వేషన్ ఎడిటర్‌లో రాయండి, సమీకరణాలని కోడ్‌లా టైపు చేసే లేటెక్‌లో రాసే అలవాటుంటే ఆ సోర్సు ఫైలే ఇచ్చేయండి. టేబుళ్ళలో గళ్ళు కలిపేయడం మానండి. బొమ్మ కింద "పటం 3" అని కాకుండా ఆ పటం ఏం చెబుతోందో రెండు వాక్యాలు రాయండి. ఇది మీకూ పరీక్షే, ఒక్కోసారి ఏం రాయాలో తోచక కూర్చుంటే ఆ పటం అక్కడ అనవసరమని తెలిసిపోతుంది. ఎన్‌వీడీఏ అని ఉచిత స్క్రీన్ రీడర్ 2006 నుంచీ ఉంది, దాన్ని మీ కంప్యూటర్లో వేసుకుని స్క్రీను ఆపేసి మీ నోట్సు మీరే ఒక పది నిమిషాలు వినండి. నేను చెప్పే దానికన్నా అది బాగా చెబుతుంది.

రంగుల విషయం క్లుప్తంగా. ఎరుపు గీత మగవాళ్ళది, ఆకుపచ్చ గీత ఆడవాళ్ళది అని గ్రాఫు గీస్తే ఆ రెండూ ఒకేలా కనబడే విద్యార్థులు మీ క్లాసులో ఉండే ఉంటారు, కొందరికి ఆ సంగతి వాళ్ళకే తెలియదు. ఒక గీతని చుక్కలతో గీయండి. అక్షరాలకీ వెనకున్న రంగుకీ వెలుగులో తేడా కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి, చూసి చెప్పే ఉచిత పరికరాలున్నాయి. లేత బూడిద రంగు అక్షరాలు స్టైలుగా ఉంటాయి, వెనక వరసకి అసలు ఉండవు.

ట్రైనింగులో చెప్పిన లెర్నింగ్ స్టైళ్ళు మాత్రం మర్చిపోండి. ఫలానావాడు చూసి నేర్చుకునే రకం, ఫలానావాడు విని నేర్చుకునే రకం, ఆ రకానికి తగ్గట్టు చెబితే బాగా వస్తుంది అనే మాటకి తగిన ఆధారం లేదని 2008లో నలుగురు సైకాలజిస్టులు పరిశోధనలన్నీ తిరగేసి తేల్చారు. ఒకే విషయాన్ని మాటలోనూ, పటంలోనూ, చేసి చూసే లెక్కలోనూ పెట్టడం మంచిదే, కానీ అది అందరి కోసం. 84 మందికి 84 లేబుళ్ళు అంటించడానికి కాదు. భవనాలు కట్టేవాళ్ళ దగ్గర ఈ ఆలోచన ముందే ఉంది. రాన్ మేస్ అని పోలియో వల్ల వీల్‌చెయిర్‌లో తిరిగిన ఆర్కిటెక్టు, కట్టాక ఎవరికోసమో ర్యాంపు అతికించడం కాదు, మొదటి గీతలోనే అందరూ ఉండాలన్నాడు. యూనివర్సల్ డిజైన్ అన్న పేరు ఆయనదే. 1984లో మొదలైన కాస్ట్ అనే సంస్థ దాన్ని పాఠాల్లోకి తెచ్చింది. మీకు పని పెరుగుతుందా అంటే మొదటి సెమిస్టర్ పెరుగుతుంది, కాదనను. ఒక్క యూనిట్‌తో మొదలుపెట్టండి, అన్నీ ఒకేసారి నెత్తిన వేసుకుంటే మూడో వారానికి మానేస్తారు.

ఇక వినికిడి మిషన్ అమ్మాయి. మిషన్ పెట్టుకుంటే అందరిలా వినబడుతుందనుకుంటాం, కాదు, అది మీ గొంతుతో పాటు ఫ్యాను చప్పుడునీ కుర్చీల కిరకిరనీ కూడా పెంచుతుంది. అందుకే తను మీ పెదాలు కూడా చూస్తూ ఉంటుంది. పెదాల మీద ఎంత తెలుస్తుందో మీరే అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాట, బాట, మాట అని చూడండి. మూడూ ఒకటే! అంత చాలీచాలని ఆధారంతో తను నెట్టుకొస్తుంటే మనం బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడితే ఆ కాస్తా పోతుంది. రాయండి, ఆగండి, తిరగండి, అప్పుడు మాట్లాడండి. మైకుంటే వాడండి. "నా గొంతు పెద్దదే, మైకెందుకు, అందరికీ వినిపిస్తోందిగా?" అని అడగొద్దు, వినబడనివాళ్ళు ఆ ప్రశ్నకి చేయెత్తరు, ముఖ్యంగా ఎవరికీ తెలియకూడదనుకున్న అమ్మాయి అసలే ఎత్తదు. వెనక నుంచి ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబుకి ముందు ఆ ప్రశ్న మీరు ఒకసారి తిరిగి చెప్పండి. వీడియోలకి క్యాప్షన్లు పెట్టండి, ఆటోమేటిక్‌గా వచ్చినవి దిద్ది పెట్టండి, మామూలు మాటలు సరిగానే వస్తాయి గానీ సబ్జెక్టు పదాలు వచ్చేసరికి అవి రాసేది చూస్తే నవ్వొస్తుంది, దాన్ని నమ్ముకుని చదివేవాళ్ళకి రాదు. వీటిలో ఒక్కదానికీ ఆ అమ్మాయి పేరెత్తాల్సిన అవసరం లేదు, గమనించారా.

అదనపు సమయం దగ్గర మీరు రాసిన "చూస్తే ఏ ఇబ్బందీ ఉన్నట్టు కనబడదు" అన్న ముక్క వెనక్కి తీసుకోండి. చదవడం కష్టం చేసే డిస్లెక్సియా కనబడదు, ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ కనబడదు, మూర్ఛ మందుల మత్తు కనబడదు, డిప్రెషన్ కనబడదు. యూనివర్సిటీ ఉత్తరం ఇచ్చిందంటే పరిశీలించే ఇచ్చింది, మళ్ళీ మీరు డాక్టరు కానక్కర్లేదు, ఏం జబ్బు అని అడగనూ కూడదు. "పరీక్ష హాల్లో నీకు ఏది పని చేస్తుంది?" అని అడగండి, చాలు.

అన్యాయం మాటకొద్దాం. మీ కొలీగ్ అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. పరుగు పందెంలో ఒకడికి పది సెకన్లు ముందు వదిలితే అన్యాయమే, ఎందుకంటే అక్కడ కొలిచేది వేగం. మీ పరీక్ష దేన్ని కొలుస్తోంది? రిగ్రెషన్ (ఒక విలువని బట్టి ఇంకోదాన్ని అంచనా వేసే పద్ధతి) అర్థమైందా లేదా అన్నది కదా. మూడు గంటల్లో రాయడం అన్నది రిగ్రెషన్‌లో భాగం కాదు, హాలు ఖాళీ చేయాలి కాబట్టి ఎప్పుడో ఎవరో పెట్టిన లెక్క. జవాబు తెలియనివాడికి ఇంకో గంటిస్తే గంట సేపు కిటికీలోంచి చూస్తాడు. అదే ఆపరేషన్ థియేటర్‌లో నిమిషాల్లో చేయాల్సిన పనిని పరీక్షిస్తుంటే వేగం కూడా సబ్జెక్టే, అక్కడ సడలించకూడదు, నేనూ ఒప్పుకోను. సిలబస్ ముందు పెట్టుకుని ప్రతి నియమానికీ ఇది అడగండి: ఇది సబ్జెక్టుకి కావాలా, మన అలవాటుకి కావాలా? సూత్రాలు బట్టీ పట్టాలా, సూత్రాల పట్టీ ఇచ్చి ఎక్కడ ఏది వాడాలో అడగాలా? నేనైతే పట్టీ ఇచ్చేస్తాను, ప్రశ్న కష్టం పెంచుతాను. ఇంకో చిట్కా, రెండు గంటల్లో అయ్యే పేపరు తయారు చేసి అందరికీ మూడు గంటలివ్వండి, అదనపు సమయం అడిగే అవసరం చాలామందికి రాదు, ఉత్తరం తెచ్చుకోవడానికి మొహమాటపడ్డవాళ్ళు కూడా బాగుపడతారు. అయినా ఉత్తరం తెచ్చినవాళ్ళకి వాళ్ళ సమయం వాళ్ళకివ్వాల్సిందే, అందరికీ ఇచ్చాను కదా అని కోత పెట్టొద్దు.

నోరు విప్పని సగం క్లాసు గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. నా దృష్టిలో మీ అసలు సమస్య అక్కడుంది, వాళ్ళకి ఏ సర్టిఫికెట్టూ ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. భాష మారి వచ్చినవాడు ముందు మీ ప్రశ్నని తన భాషలోకి మార్చుకోవాలి, అందులో ఆలోచించాలి, మళ్ళీ మీ భాషలోకి తేవాలి, నవ్వుతారేమోనని ఒకసారి సరిచూసుకోవాలి, అప్పటికి ముందు బెంచీవాడు జవాబు చెప్పేసి ఉంటాడు. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో స్కూలు టీచర్ల క్లాసుల్లో చూసి చెప్పిందేంటంటే, మనం ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను ఆగుతాం, దాన్ని మూడు సెకన్లు చేస్తే జవాబుల పొడవు పెరుగుతుంది, ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు మాట్లాడతారు. మూడు సెకన్లే! కానీ క్లాసు ముందు నిలబడి మూడు సెకన్లు నోరు మూసుకోవడం ఎంత కష్టమో ప్రయత్నిస్తే తెలుస్తుంది, నేను లోపల అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. మీ క్లాసుకి మూడు కూడా చాలదు, ఒక నిమిషం ఇచ్చి కాగితం మీద రాసుకోమనండి, తర్వాత పక్కవాళ్ళతో ఏ భాషలో కావాలంటే ఆ భాషలో మాట్లాడుకోమనండి, అప్పుడు చెప్పమనండి. యూనిట్‌కి ఇరవై పదాలు, ఒక్కొక్కదానికి ఒక వాక్యం, ఒక ఉదాహరణతో పట్టీ ఇవ్వండి. స్లైడ్లు ముందు రోజే పెట్టేయండి, అలా పెడితే క్లాసుకి రారంటారు, కొందరు రారు, నిజమే, స్లైడ్లు చదివితే సరిపోయే క్లాసుకి రాకపోతే తప్పు వాళ్ళదేనా అని నా అనుమానం. ప్రశ్నపత్రంలో ఒకే ప్రశ్నలో మూడు "ఒకవేళ"లు, రెండు "తప్ప"లు ఉన్నాయేమో చూడండి, ఉంటే అక్కడ మీరు పరీక్షిస్తున్నది స్టాటిస్టిక్స్ కాదు.

అన్నీ మీ నెత్తిన వేసుకోవద్దు. లిఫ్ట్ లేని భవనంలో మూడో అంతస్తులో క్లాసు వేయడం, సహాయకుల్ని నియమించకపోవడం, క్యాప్షన్ల ఖర్చు, ఇవి యూనివర్సిటీ చేయాల్సినవి. డిపార్ట్‌మెంట్ హెడ్‌కి రాతపూర్వకంగా రాయండి, నోటిమాట గాల్లో పోతుంది. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 24వ అధికరణం చదువు గురించే, పైచదువులు కూడా అందులో ఉన్నాయి, మీరు అడుగుతున్నది దయ కాదని మీ ఉత్తరంలో ఒక వాక్యం రాయడానికి పనికొస్తుంది.

చివరిగా ఆ అమ్మాయి రహస్యం. ల్యాబ్ ఇంకొకరు చెబుతుంటారు కదా, వాళ్ళకి మీరుగా చెప్పేయకండి, మేలు కోసమే అయినా సరే. "ల్యాబ్ వాళ్ళకి నేను చెప్పనా, నువ్వు చెప్తావా, అసలు వద్దా?" అని తననే అడగండి, అదీ నలుగురి ముందు కాకుండా. వద్దంటే సరే. ల్యాబ్ గదిలో మైకు ఉందో లేదో మాత్రం మీరు ఈలోపు వెళ్ళి చూసి రండి.